వలస బిడ్డ బడిలో నిలవాలంటే



ప్రతి ఏటా ఈ సంచికలో పుస్తకాల పంపిణీ ఫొటోలు వేసేవాళ్ళం. ఈసారి ఒక్కటి కూడా లేదు. ప్రూఫులు చూసిన మిత్రులు ప్రెస్సువాళ్ళ పొరపాటేమో అనుకున్నారు. పొరపాటు కాదు, కావాలనే తీసేశాం. ఎందుకో చెప్పాలి. అందులో మా తప్పు ఉంది.

రెండేళ్ళ కిందట నగర శివారులోని ఒక గుడిసెల బస్తీలో బ్యాగులు, నోటుబుక్కులు పంచాం. అన్నీ వలస వచ్చిన కుటుంబాలే. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, వెనక మన బ్యానరు కట్టి, ఫొటో తీసి, బస్తీ పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. మీలో చాలామంది మెచ్చుకున్నారు కూడా. వారం తిరక్కముందే ఆ ఫొటో ఎక్కడెక్కడో తిరిగి, "వీళ్ళెవరు, ఏ దేశంవాళ్ళు" అనే వ్యాఖ్యలు తగిలించుకుని, ఆ స్థలం యజమాని ఫోనుకే చేరింది. ఆయన చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు. నాకెందుకీ గొడవ అని మూడు కుటుంబాలను ఖాళీ చేయమన్నాడు. అప్పటికి ఆ మూడు గుడిసెల నుంచి ఐదుగురు పిల్లలు బడికి వెళ్తున్నారు. తర్వాత వాళ్ళు ఎటు వెళ్ళారో మాకు తెలియలేదు. బ్యాగులు మాత్రం తీసుకెళ్ళారని పక్క గుడిసె ఆవిడ చెప్పింది.

బ్యాగు ఇవ్వడం సులువు. ఆ పిల్ల బడిలో చేరడానికి, చేరాక నిలవడానికి, నిలిచాక ఆ కుటుంబానికి మన వల్లనే కొత్త ముప్పు రాకుండా ఉండడానికి ఏం కావాలి? బడుల చుట్టూ తిరిగి, చట్టం చదివి, తెలిసినవాళ్ళను అడిగి మేము నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

వీళ్ళు ఎవరు?

ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి ఏటా దీపావళి దాటాక మన ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తాయి, వానలకు ముందు తిరిగి వెళ్తాయి. సర్దార్లు అనే మధ్యవర్తులు ముందే అడ్వాన్సు ఇస్తారు. భార్యాభర్తలతో పాటు పిల్లవాణ్ణి కూడా కలిపి ఒక జట్టుగా లెక్కగట్టే పద్ధతి ఉంది, దాన్ని పథురియా అంటారు. అంటే లెక్కలోనే పిల్లవాడు కూలీ. బీహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి భవన నిర్మాణానికి, హోటళ్ళకు, జరీ పనికి వచ్చినవాళ్ళు ఉన్నారు. బాలాపూర్ వైపు బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నాయి. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కొందరు ఈ దేశ పౌరులు, కొందరు కారు. కొందరు మన మతంవాళ్ళు, చాలామంది కారు. బడి గుమ్మం దగ్గర మాత్రం అందరి పిల్లలకీ ఎదురయ్యే మాట దాదాపు ఒకటే: "కాగితాలు తెచ్చారా?"

మనకు ఇది కొత్త సంగతి అనుకోకండి. పాలమూరు కూలీలు బొంబాయి, పుణె వెళ్ళినప్పుడు, కరీంనగర్, నల్గొండ నేతగాళ్ళు భీవండి, సోలాపూర్, సూరత్ వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లలు కూడా ఇలాగే నిలబడ్డారు. బొంబాయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషల్లో బడులు నడిపింది, అందులో తెలుగు ఒకటి. సూరత్ నగరపాలక సంస్థ కూడా తెలుగు మాధ్యమం బడి పెట్టింది. పొట్టకూటికి వెళ్ళిన మనవాళ్ళ పిల్లలకు పరాయి నగరం అఆలు దిద్దించింది. ఈ సంచిక చదివే కొన్ని ఇళ్ళల్లోనే అలా చదువుకున్న పెద్దలు ఉండవచ్చు.

చట్టం ఏమంటోంది?

2002లో 86వ రాజ్యాంగ సవరణ 21-ఏ అధికరణాన్ని చేర్చింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న ప్రతి బిడ్డకూ ఉచిత, నిర్బంధ విద్య. ఇక్కడ ఒక మాట గమనించాలి. చట్టం "ప్రతి బిడ్డ" అంది గాని "ప్రతి పౌరుడి బిడ్డ" అనలేదు.

పిల్లల్ని తిప్పి పంపడానికి ఆఫీసు గదిలో వినిపించే కారణాలన్నిటికీ ఈ చట్టంలో ముందే జవాబు ఉంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదంటారు. వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. ఆసుపత్రి రికార్డు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రుల రాతపూర్వక ప్రకటన సరిపోతుందని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. టీసీ లేదంటారు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, అడిగిన వెంటనే ఇవ్వని ప్రధానోపాధ్యాయుడి మీదే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు, ఇది 5వ సెక్షన్. చేర్చుకునే గడువు దాటిందంటారు. దాటినా కాదనకూడదు, అది 15. పదేళ్ళ పిల్ల ఎప్పుడూ బడికి పోలేదు, ఒకటో తరగతిలో కూర్చోబెడతాం అంటారు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, మిగతా పిల్లలతో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. అలా చేరిన బిడ్డకు పద్నాలుగేళ్ళు దాటినా ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఉచితమే. వలస కుటుంబాల పిల్లల ప్రవేశం స్థానిక సంస్థ బాధ్యత అని 9వ సెక్షన్‌లో విడిగా రాసి ఉంది.

ఇక ఆధార్. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26 తీర్పులో స్పష్టంగా చెప్పింది.

ఇంత స్పష్టంగా ఉంటే మరి పిల్లలు ఎందుకు తిరిగి వస్తున్నారు? మొదట్లో మేము హెచ్‌ఎంల మీద కోపం తెచ్చుకున్నాం. తర్వాత తెలిసింది, చాలామంది కావాలని కాదనరు. వాళ్ళకు పోర్టల్ భయం, ఆడిట్ భయం. ఉదాహరణకు యూడైస్ ప్లస్‌లో పాత బడి పిల్లవాణ్ణి డ్రాప్ బాక్స్‌లోకి పంపితే గాని కొత్త బడి తన లెక్కలోకి తీసుకోవడం కుదరదు. పాత బడి బలంగీర్‌లో ఉంటుంది, ఆ హెచ్‌ఎం ఫోను నంబరు తల్లిదండ్రుల దగ్గర ఉండదు. అక్కడ కావలసింది వాదన కాదు, ఆ నంబరు వెతికి, ఒరియాలోనో హిందీలోనో మాట్లాడే మనిషి. కొత్త బడి హెచ్‌ఎం ముందు సెక్షన్లు చదివితే ఆయన బిగుసుకుంటాడు. "సార్, ఆ ఫోను మేము చేస్తాం, మీరు పిల్లను క్లాసులో కూర్చోబెట్టండి" అంటే కరుగుతాడు. సెక్షన్ల కాగితం మా కార్యకర్తల జేబులో ఉంటుంది, పదిసార్లలో తొమ్మిదిసార్లు బయటికి తీయాల్సిన అవసరం రాదు.

ఒక హెచ్చరిక. కాగితం లేదంటే కాగితం పుట్టిద్దాం అనే దయగలవాళ్ళు మనలోనే ఉన్నారు. బ్రోకరు చేయించిన ఆధారో, దొంగ జనన ధృవీకరణ పత్రమో ఆ కుటుంబాన్ని జైలు దాకా తీసుకెళ్తుంది. లేని కాగితం వల్ల బడి ఆలస్యమవుతుంది, దొంగ కాగితం వల్ల బతుకే పోతుంది. ఆ పని మేము చేయం, మీరు పంపినవాళ్ళు అడిగినా చేయం.

అడగాల్సినవి, అడగకూడనివి

బాలాపూర్ పిల్లల విషయంలో దాతలు కొందరు మెల్లగా అడిగారు, ఇది మనకు చిక్కు తెచ్చిపెట్టదు కదా అని. అడగడం న్యాయమే. శరణార్థుల 1951 ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. వాళ్ళ నివాస హక్కు సంగతి ప్రభుత్వం, కోర్టులు తేలుస్తాయి, అందులో మా మాట చెల్లదు. కానీ బాలల హక్కుల ఒప్పందాన్ని భారత్ 1992లో ఆమోదించింది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల బడి ప్రవేశం గురించి పిటిషన్లు వచ్చినప్పుడు, పిల్లలు ముందు ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చని, అర్హత ఉన్నా చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్ళవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డను బడి దాకా తీసుకెళ్ళి అడగడంలో తప్పేమీ లేదు.

అమెరికాలో ఇదే ప్రశ్న ఏభై ఏళ్ళ కిందటే వచ్చింది. 1975లో టెక్సస్ రాష్ట్రం, చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లలకు బడి నిధులు ఆపేసింది. టైలర్ అనే ఊళ్ళో అలాంటి పిల్లలు ఏడాదికి వెయ్యి డాలర్ల ఫీజు కట్టాలన్నారు. మెక్సికో నుంచి వచ్చిన కూలీలు ఎక్కడ తెస్తారు? కొన్ని కుటుంబాలు కోర్టుకెక్కాయి. వాళ్ళు నలుగురి కళ్ళల్లో పడకుండా జడ్జి తెల్లవారుజామునే విచారణ పెట్టారు, రికార్డుల్లో అసలు పేర్లు రాకుండా చూశారు. కోర్టుకు వస్తే అటునుంచి అటే దేశం దాటించేస్తారేమోనని సిద్ధపడే వచ్చారట ఆ తల్లిదండ్రులు. 1982 జూన్ 15న ప్లయిలర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు మెజారిటీతో ఆ పిల్లలకు బడి ఆపకూడదని తీర్పు ఇచ్చింది. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను శిక్షించరాదన్నది అందులో ముఖ్యమైన వాదన.

అంతకంటే మాకు పాఠంగా అనిపించింది 2011లో అలబామాలో జరిగినది. అక్కడి కొత్త చట్టం పిల్లల్ని బడి నుంచి తీసేయమనలేదు. కొత్తగా చేరే పిల్లల పౌరసత్వ వివరాలు అడిగి రాసుకోమంది, అంతే. చట్టం అమలులోకి వచ్చిన కొద్దిరోజులకే ఒక్క సోమవారం రెండు వేలమందికి పైగా లాటినో పిల్లలు బడికి రాలేదు. ఆ నెలలోనే అప్పీలు కోర్టు ఆ నిబంధనను నిలిపేసింది, మరుసటి ఏడు కొట్టేసింది. ఎవరినీ బయటికి పంపనక్కరలేదు, ప్రశ్న ఒక్కటి చాలు. బడుల దగ్గర వలస అధికారుల దాడులు వద్దన్న విధానాన్ని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఎత్తేసింది. ఆ వార్త విని అక్కడున్న మన బంధువుల్లో కూడా కొందరు కంగారుపడి ఫోన్లు చేశారు.

అందుకని మేము పనిచేసే బడులను కోరేది ఒకటే. ప్రవేశం రోజున ఏది అవసరమో అదే అడగండి. పేరు, ఇంచుమించు వయసు, ఇంట్లో మాట్లాడే భాష, చివరగా చదివిన తరగతి, జబ్బులేమైనా ఉన్నాయా, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి, బడి విడిచాక ఎవరు వచ్చి తీసుకెళ్తారు. ఇంతే. ఏ దేశం నుంచి ఎప్పుడు వచ్చారు, తండ్రి గుర్తింపు కార్డేది, ఏ పార్టీ, ఏ మతం అన్నవి చదువు చెప్పడానికి అక్కరలేదు. రాసుకున్న రిజిస్టరు అల్మారాలో తాళం వేసి ఉండాలి. బయటివాళ్ళు ఎవరైనా వచ్చి పిల్లల వివరాలు అడిగితే క్లాసు టీచరు కాకుండా హెచ్‌ఎం మాట్లాడాలి, రాతపూర్వకంగా ఇమ్మనాలి, తల్లిదండ్రులకు కబురు చేయాలి, బిడ్డను తెలియనివాళ్ళతో ఒంటరిగా పంపకూడదు.

ఆ బయటివాళ్ళలో మనమూ ఉన్నాం. దాతలమని వెళ్ళి రిజిస్టరు తిరగేయడం మానుకోవాలి. గతంలో లబ్ధిదారుల జాబితా ఆధార్ నంబర్లతో సహా మీకు పంపేవాళ్ళం. ఇప్పుడు ఏ బడిలో ఎంతమంది చేరారో, ఎంతమంది ఏడాది చివరిదాకా ఉన్నారో లెక్క మాత్రమే ఇస్తున్నాం. బిల్లులన్నీ ఆడిటర్ దగ్గర ఉంటాయి, ఎప్పుడైనా చూడవచ్చు. పేర్లు మాత్రం అడగకండి.

మాట అర్థం కాని క్లాసులో

చేరిన పిల్లలు మూడు నెలల్లో మానేయడానికి పెద్ద కారణం భాష. ఇక్కడ మనకు కొన్ని భ్రమలు ఉన్నాయి. ముస్లిం పిల్లలైతే ఉర్దూ వస్తుందని అనుకుంటాం. బెంగాలీ ముస్లిం బిడ్డకు ఉర్దూ రాదు. రోహింగ్యాల భాష చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గర, ఉర్దూకు కాదు. వీధిలో ఆడుకుని దక్కనీ పట్టుకుంటారు గాని అది ఇక్కడికొచ్చాక సంగతి. బీహార్ పిల్లవాడికి ఉర్దూ టీచరు మాట చాలావరకు అర్థమవుతుంది, లిపి మాత్రం పూర్తిగా కొత్త. ఒరియా పిల్లలకు మాటా కొత్తే, లిపీ కొత్తే. ఏ బిడ్డకు ఏ బడి దగ్గరగా ఉంటుందో విడివిడిగా ఆలోచించాలి, మన బస్తీలో ఉంది కదా అని చేర్చేస్తే సరిపోదు.

కేరళలో ఎర్నాకుళం జిల్లా యంత్రాంగం 2017లో రోష్ని అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎడయార్ పారిశ్రామికవాడ పక్కన బినానిపురం ప్రభుత్వ బడిలో ఉత్తరాది కూలీల పిల్లలు ఎక్కువ, ఆ బడి అనుభవమే దానికి పునాది. బడి గంటకు ముందు గంటన్నర అదనపు తరగతి, పిల్లల భాష తెలిసిన వాలంటీరు, ఆ భాషలో మొదలుపెట్టి క్రమంగా మలయాళంలోకి తీసుకురావడం, పొద్దున టిఫిను. ఇంత సాదాసీదా పని. టిఫిను సంగతి చిన్నదనుకోకండి. తల్లి ఏడింటికే పనికి పోయే ఇంట్లో ముందుగంట తరగతికి పిల్ల రావాలంటే అదే ఆకర్షణ.

మన దగ్గర ఇటుక బట్టీల పక్కనే పనిచోటి బడులు నడిచాయి. ఒడిశా నుంచి ఒరియా పుస్తకాలు తెప్పించి, ఒరియా వచ్చినవాళ్ళను పెట్టి చెప్పించారు. ఊరికి తిరిగి వెళ్ళాక పిల్లలు వెనకబడకుండా ఉండడం దాని ఉద్దేశం. ఒడిశా ప్రభుత్వం తన వైపున సీజనల్ హాస్టళ్ళు పెట్టింది, తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకుంటారు. ఈ రెండిట్లో ఏది మంచిదని అడిగితే, అమ్మమ్మో నాయనమ్మో ఊళ్ళో ఉన్న బిడ్డకు హాస్టలే నయమని మా అభిప్రాయం. బట్టీ దగ్గర ఉన్న బిడ్డ చేతికి ఎప్పుడో ఒకప్పుడు ఇటుక వస్తుంది.

ఎలాగూ మాట వచ్చింది కనుక ఇంకో చేదు సంగతి. 2015 జనవరిలో మన పాతబస్తీలో గాజుల తయారీ ఇళ్ళ నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలే. ఆ ఇళ్ళు మన వీధుల్లోనివి. ఆ గాజులు మన పెళ్ళిళ్ళలో వేసుకున్నవే. బడి బయట ఉన్న వలస బిడ్డ ఖాళీగా ఉండడు, ఎవరో ఒకరు పనిలో పెడతారు. అలాంటి బిడ్డ కనబడితే మాకు చెప్పేముందు 1098కి ఫోను చేయండి. కుటుంబానికి వకీలు కావాలంటే 15100 ఉంది, ఆదాయంతో పని లేకుండా మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

మదరసాలో వేస్తే సరిపోదా అని కూడా అడుగుతారు. పొద్దున మక్తబ్‌కు వెళ్ళడానికి అడ్డేమీ లేదు. కానీ 2012 సవరణ ప్రకారం ప్రధానంగా మతవిద్య నేర్పే మదరసాలకు, వేద పాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదు. పైన చెప్పిన రక్షణలన్నీ దొరకాలంటే బిడ్డ పేరు గుర్తింపు ఉన్న బడి రిజిస్టరులో ఉండాలి. మైనారిటీ యాజమాన్యంలోని బడులను కూడా ఈ చట్టం పరిధి నుంచి 2014లో సుప్రీంకోర్టు తప్పించింది. మనవాళ్ళు నడిపే బడులు ఆ తీర్పు చాటున కూర్చోవచ్చు. కూర్చోవద్దని మా మనవి. తరగతికి ఇద్దరు వలస పిల్లల్ని చేర్చుకుంటే ఏ బడీ మునిగిపోదు.

తల్లుల గురించి ఒక మాట. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మహిళలు ఉండాలి, ఇది 21వ సెక్షన్. వలస తల్లి ఒక్కరైనా ఉన్న కమిటీని మేము ఇంతవరకు చూడలేదు. సమావేశం పనిదినం పదకొండింటికి పెడితే కూలి పోగొట్టుకుని ఎవరు వస్తారు? ఆదివారం సాయంత్రం పెట్టమని ఒక బడిని అడిగాం, పెట్టారు, నలుగురు తల్లులు వచ్చారు. ఇద్దరు మాట్లాడారు. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదని వాళ్ళు చెబితేనే తెలిసింది.

మీ డబ్బు సంగతి

జకాత్ ఎనిమిది పద్దులలో ఇబ్నుస్సబీల్ ఒకటి, అంటే దారిలో చిక్కుకున్న ప్రయాణికుడు. వలస కుటుంబాలు దాని కిందికి వస్తాయా, ఫకీర్, మిస్కీన్ పద్దుల కిందికి వస్తాయా అన్నది ఉలమాలను అడిగే ఖర్చు చేస్తున్నాం. ముస్లిమేతర పిల్లల ఖర్చు జకాత్ నుంచి కాకుండా సదఖా, సాధారణ విరాళాల నుంచి పెడుతున్నాం. రెండు ఖాతాలు వేరు. మీరు ఇచ్చేటప్పుడు ఏదో చెబితే చాలు.

బ్యాగులు పూర్తిగా మానలేదు. వాటి మీద మన సంస్థ పేరు అచ్చువేయడం మానేశాం. అన్ని బ్యాగుల మధ్య ఆ బ్యాగు ఒక్కటే, ఈ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో అరిచి చెబుతుంది. మిగిలిన డబ్బు కుటుంబంతో బడికి తోడు వెళ్ళే ఇద్దరు కార్యకర్తల జీతానికి, ముందుగంట తరగతి వాలంటీర్ల గౌరవవేతనానికి, టిఫినుకు, బట్టీ నుంచి బడికి ఆటో కిరాయికి వెళ్తోంది. ఇవి ఫొటోకు దొరికే ఖర్చులు కావు. అందుకే ఇంత పొడుగున రాయాల్సి వచ్చింది.

ఒరియా తెలిసిన మనిషి ఇప్పటికీ మా దగ్గర లేరు. బెంగాలీ తెలిసిన అమ్మాయి ఒకరు ఉన్నారు, వచ్చే నెల పెళ్ళయి వెళ్ళిపోతున్నారు. నవంబరులో బట్టీలకు మనుషులు దిగుతారు. మీ ఆఫీసులో, మీ అపార్ట్‌మెంట్‌లో, మీ దుకాణంలో ఈ రెండు భాషల్లో ఏదైనా వచ్చి, వారంలో మూడు రోజులు పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాగలిగినవాళ్ళు ఉంటే దయచేసి అక్టోబరులోపు మాకు తెలియజేయండి. ఏ బడో, ఏ బస్తీయో ఇక్కడ రాయడం లేదు, వచ్చినవాళ్ళకు మనిషికి మనిషిగా చెబుతాం.